వెనక్కి తిరిగిన గుడ్లగూబ

రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి రాజమండ్రి నుంచి మా అక్క వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపింది. కింద ఒక్క లైను: "ఏది పంపమంటావురా?" రెండూ గుడ్లగూబ బొమ్మలే. రెండూ నా మేనకోడలు వేసినవే, అప్పుడది నాలుగో క్లాసు. అమెరికాలో పిల్లలకి గుడ్లగూబల మీద బొమ్మల పోటీ ఉందట, దానికి పంపాలట.

మొదటిది లెక్కల స్లిప్ టెస్ట్ కాగితం వెనక స్కెచ్ పెన్నులతో వేసింది. కరెంటు తీగ మీద ఒక పిట్ట. మనకి దాని వీపు కనబడుతోంది. గోధుమ రంగు, మీద తెల్ల చుక్కలు, ముడుచుకున్న రెక్కలు, కింద పొట్టి తోక. తల మాత్రం మనవైపే ఉంది, రెండు పసుప్పచ్చ కళ్లతో. వీపు మీద మొహం అతికించినట్టు. చంద్రుడు లేడు, ఆకాశానికి రంగు లేదు. అవతలివైపు టీచర్ పెట్టిన ఎర్ర టిక్కులు ఇటువైపుకి మరకల్లా దిగాయి.

రెండోది పెద్ద డ్రాయింగ్ షీటు మీద ఆయిల్ పాస్టెల్స్‌తో వేసింది. నీలంలోంచి నలుపులోకి వేలితో రుద్ది కలిపిన ఆకాశం, నిండు చంద్రుడు, ఎడమ నుంచి కుడికి ఒక కొమ్మ, సరిగ్గా మధ్యలో తెల్లటి గుడ్లగూబ, మనకేసి గుడ్లు మిటకరించి చూస్తూ. డ్రాయింగ్ క్లాసులో నాలుగు ఆదివారాలు కూర్చుని వేసింది. మాస్టారు చివర్లో కాస్త చెయ్యి వేశారని అక్కే చెప్పింది. మొదటి బొమ్మ చూసి ఆయన "పిట్టకి మెడ తిరగబడిందేంటమ్మా" అని నవ్వి పక్కన పెట్టించారట.

నేను ఒక్క నిమిషంలో జవాబిచ్చాను. "రెండోదే. డౌటే లేదు."

ఆ జవాబు గురించే ఈ వ్యాసం.

పోటీ సంగతి ముందు చెప్పేస్తాను. మిన్నెసోటా రాష్ట్రంలో హ్యూస్టన్ అని ఒక చిన్న ఊరుంది. టెక్సాస్‌లో మనవాళ్లు వేలకి వేలు ఉండే హ్యూస్టన్ కాదు, ఇక్కడ జనాభా మొత్తం వెయ్యికి అటూ ఇటూ. ఆ ఊళ్లో ఆలిస్ అనే ఒక గుడ్లగూబ ఉండేది. తల మీద కొమ్ముల్లా ఈకలు నిక్కి ఉండే జాతి. పిల్లగా ఉన్నప్పుడు గూట్లోంచి పడి రెక్క దెబ్బతింది, ఇక అడవిలో బతికే వీల్లేదు. దాని బాగోగులు చూసిన కార్లా బ్లూమ్ అనే ఆవిడ, 2003లో ఆలిస్ గుడ్డులోంచి బయటికొచ్చిన రోజుని పుట్టినరోజులా చేశారు. ఆ వేడుక ఏటేటా పెరిగి గుడ్లగూబల అంతర్జాతీయ పండగ అయింది. తరవాత ఆ ఊళ్లోనే ఇంటర్నేషనల్ ఔల్ సెంటర్ వచ్చింది. పిల్లల బొమ్మల పోటీ ఈ పండగలో భాగం. దేశదేశాల నుంచి బొమ్మలొస్తాయి, మన దేశం నుంచి కూడా. మనదగ్గరా ఇలాంటి పండగ ఒకటుంది. పుణె జిల్లా పింగోరి అనే పల్లెటూళ్లో ఈలా ఫౌండేషన్ 2018లో గుడ్లగూబల ఉత్సవం మొదలుపెట్టింది. అందులోనూ బొమ్మలు, మాస్కులు, పాటలు. గుడ్లగూబ అంటే ఉన్న భయం పోగొట్టాలన్నది అక్కడి ఆలోచన.

కాబట్టి ఈ పోటీలు పెట్టేవాళ్ల మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నిజమైన పక్షి మీద ప్రేమతో పెట్టినవి ఇవి. నా గొడవంతా బొమ్మలతోనే.

అక్కకి జవాబిచ్చాక ఎందుకో మొదటి బొమ్మ మనసులోంచి పోలేదు. ఆఫీసు పనయ్యాక ఈ పోటీల బొమ్మలు, మన ఊళ్ల డ్రాయింగ్ క్లాసులవాళ్లు నెట్‌లో పెట్టుకునే బొమ్మలు వరసగా చూడటం మొదలుపెట్టాను. కొన్ని వందలు చూసుంటాను. పిల్లల చేతిపని చూస్తే నిజంగా ఆశ్చర్యమేస్తుంది. పదేళ్ల పిల్ల ఒక్కో ఈకని విడివిడిగా వేస్తుంది. పన్నెండేళ్ల కుర్రాడు కంట్లో వెలుగు చుక్క ఎక్కడ పెట్టాలో అక్కడే పెడతాడు. కానీ యాభై బొమ్మలు దాటేసరికి ఒకటే గుడ్లగూబ యాభై చొక్కాలు మార్చుకుని వస్తున్నట్టు అనిపించింది. ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది, ఎప్పుడూ మనల్నే చూస్తుంది. వెనక చంద్రుడు. పగటి గుడ్లగూబ లేదు, నిద్రపోతున్న గుడ్లగూబ అరుదు, ఎలుకని నోట కరుచుకున్నది మరీ అరుదు. ఎగిరేవి కొన్ని ఉన్నాయి, అవి కూడా మన మొహం మీదికే ఎగురుతాయి. ఇంకో రకం కళ్లజోడు పెట్టుకుని పుస్తకాల దొంతర మీద కూర్చుంటుంది, నెత్తిన కాన్వొకేషన్ టోపీ.

ఆ టోపీ గుడ్లగూబ మనది కాదు. అది గ్రీకుల ఎథీనా దేవత పక్కనుండే పక్షి, ఇంగ్లీషు పుస్తకాల మీదుగా మన కాన్వెంటు గోడల మీదికి వచ్చింది. మన కథల్లో గుడ్లగూబకి అంత తెలివి లేదు పాపం. పంచతంత్రం మూడో తంత్రం కాకోలూకీయంలో గుడ్లగూబల రాజు, శత్రువుల మంత్రి అయిన ముసలి కాకిని నమ్మి గుహలో చోటిస్తాడు. ఆ కాకి పుల్లా పుడకా పోగేసి గుహకి నిప్పు పెట్టిస్తుంది. పిల్లలు ఈ కథ వింటారు గానీ బొమ్మ దగ్గరకొచ్చేసరికి టోపీయే వేస్తారు.

మాటవరసకి, బొమ్మలు తయారుచేసే ఏఐకి "గుడ్లగూబ" అని ఒక్క మాటిచ్చి చూశాను. అదే కొమ్మ, అదే చంద్రుడు, అదే చూపు. మా వృత్తిలో దీన్ని ట్రైనింగ్ డేటా సమస్య అంటాం. యంత్రం మనుషులు వేసిన బొమ్మలు చూసి నేర్చుకుంది. ఇప్పుడు పిల్లలు దాని బొమ్మలు ప్రింట్ తీసుకుని, చూసి వేస్తున్నారు. మధ్యలో పిట్ట అవసరం ఎవరికీ పడలేదు.

ఇలా ఎదురుగా చూసే బొమ్మ అబద్ధమనడం లేదు. మిగతా పక్షులకి కళ్లు తలకి చెరోపక్కా ఉంటే గుడ్లగూబకి మనిషిలా ముందుకి ఉంటాయి. అందుకే దాన్ని చూస్తే మనకి మొహం అనిపిస్తుంది. తెలుగువాడు పేరు పెట్టినప్పుడు కూడా ముందు గుడ్లే చూశాడు. చిన్న జాతికి పైడికంటి అని పేరు పెట్టినవాడూ కళ్ల రంగే చూశాడు. ఏథెన్స్ పాత వెండి నాణేల మీద గుడ్లగూబ ఒళ్లు పక్కకి ఉంటుంది, మొహం మాత్రం మనవైపే. రెండున్నర వేల ఏళ్లుగా ఉన్న అలవాటు, ఒక డ్రాయింగ్ మాస్టారిని పట్టుకుని కడిగేస్తే పోయేది కాదు.

కానీ అంతకంటే చాలా పాత గుడ్లగూబ ఒకటుంది. 1994 డిసెంబరులో ఫ్రాన్స్ దక్షిణాన ఆర్దెష్ నది పక్కన షోవే అనే గుహ బయటపడింది. అందులో బొమ్మలు ముప్పై వేల ఏళ్లకి పైబడినవి. సింహాలు, ఖడ్గమృగాలు, గుర్రాలు. వెర్నర్ హెర్జోగ్ డాక్యుమెంటరీ చూసినవాళ్లకి ఆ గోడలు గుర్తుండే ఉంటాయి. ఆ గుహలో ఒక గుడ్లగూబ కూడా ఉంది. రంగుల్లేవు. గోడ మీది మెత్తటి పొరలో ఎవరో వేలితో గీశారు. గుండ్రటి తల, పైన రెండు కొమ్ముల్లాంటి చెవి ఈకలు, మొహం మనవైపు. ఒంటి మీద నిలువుగా గీతలున్నాయి. అవి రెక్కల ఈకలు. అంటే కనబడుతున్నది పొట్ట కాదు, వీపు.

వీపు ఇటు, మొహం ఇటే.

ఈ సంగతి ఒక పుస్తకంలో చదివి, ఫోటో చూసి, వెంటనే ఫోన్ తీసి అక్క పంపిన మొదటి బొమ్మ వెతికాను. నా మేనకోడలు గొప్ప కళాకారిణి అనడం నా ఉద్దేశం కాదు. దానికి సైకిలు బొమ్మ వెయ్యడం ఇప్పటికీ రాదు. ముప్పై వేల ఏళ్ల కింద ఆ గుహలో వేలు ఆడించినవాడూ ఈ పిల్లా ఒకే సంగతి చూశారు, అంతే. గుడ్లగూబ కళ్లు మన కళ్లలా గుంటల్లో తిరగవు, బిగుసుకుని ఉంటాయి. పక్కకి చూడాలంటే తలే తిప్పాలి. అందుకే దాని మెడలో పద్నాలుగు ఎముకలు. మనకీ ఏడే, జిరాఫీకీ ఏడే. అది తలని ముప్పావు చుట్టు తిప్పగలదు. "మెడ తిరగబడిన పిట్ట" తప్పు బొమ్మ కాదు. గుడ్లగూబని మిగతా పిట్టల నుంచి వేరుచేసే విషయమే ఆ బొమ్మలో ఉంది. దాన్నే మేం ముగ్గురం, మాస్టారూ అక్కా నేనూ, పక్కన పెట్టాం.

అక్కని అడిగితే తరవాత తెలిసింది. వాళ్ల మేడ పక్క తీగ మీద సాయంత్రంపూట ఒక పైడికంటి వాలుతుంది. పిల్ల ట్యూషన్ నుంచి వస్తూ రోజూ చూస్తుంది. ఇది వెనక నుంచి వస్తుంటే అది తల మాత్రం తిప్పి చూస్తుందట. పొట్టిగా, వీపు మీద తెల్ల చుక్కలతో ఉండే పిట్ట. బొమ్మలో ఉన్నది అచ్చంగా ఆ తీగ, ఆ చుక్కలు.

ఇక్కడ నాతో నేనే వాదించుకోవాలి. పిల్లలు ప్రకృతిని చూసి వేస్తారు, పెద్దలు చెడగొడతారు అనేది వినడానికి బావుండే కథ. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల చేత కాపీ మాన్పించి బొమ్మలు వేయించిన రోజుల నుంచీ ఆ కథ నడుస్తోంది. గోంబ్రిక్ దాన్ని ఒప్పుకోడు. ఎవరైనా ముందు ఒక నమూనా పట్టుకునే మొదలుపెడతారు, తరవాతే దాన్ని ఎదుటి వస్తువుతో సరిచూసుకుంటారు అంటాడు. 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్'లో ఆయన చూపించే ఉదాహరణ నాకు భలే ఇష్టం. పదమూడో శతాబ్దంలో విలార్ ద హోన్‌కూర్ అనే ఫ్రెంచివాడు ఒక సింహం బొమ్మ వేసి, దీన్ని ప్రాణంతో ఉన్న సింహాన్ని చూసే వేశానని పక్కన రాసుకున్నాడు. చూస్తే అది ఎదురుగా నిలబడి గుడ్లప్పగించే నమూనా సింహం, మన గుళ్ల మీది సింహాలకి దూరపు చుట్టం. కళ్లెదుట సింహం ఉన్నా చేతికి వచ్చింది అలవాటైన బొమ్మే.

కాబట్టి యూట్యూబ్ చూసి ఎదురు గుడ్లగూబ వెయ్యడం నేర్చుకోవడంలో నేరమేమీ లేదు. అది మొదటి మెట్టు. మా పిల్ల విషయంలో జరిగింది వేరు. అది రెండో మెట్టు ఎక్కేసి ఉంది. నమూనాలో ఉన్న గుండ్రటి కళ్లు తీసుకుని, తీగ మీద చూసిన వీపుతో కలిపింది. మేం దాన్ని చెయ్యి పట్టుకుని మొదటి మెట్టు మీదికి దింపి, అక్కడ పాస్టెల్ రుద్దడం నేర్పాం. పోటీ అనేసరికి బొమ్మ చూసే కళ్లు కూడా మారిపోతాయి. జడ్జి ఎవరో తెలీదు, ఏ దేశంవాళ్లో తెలీదు, కాబట్టి ఎవరికైనా గుడ్లగూబ అని తెలిసేలా ఉండాలి. ప్రపంచంలో అందరికీ తెలిసిన గుడ్లగూబ ఇంకెలా ఉంటుంది?

ఇదంతా జరిగింది రాజమండ్రిలో కావడం నాకు ఇంకొంచెం గుచ్చుకుంది. 1909 నుంచి పదేళ్లు ఆ ఊరి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్. ఆయనే స్వయంగా చిత్రకారుడు. కుర్రాళ్లని వెంటబెట్టుకుని గోదావరి గట్టునా చుట్టుపక్కలా తిరుగుతూ, ఎదురుగా ఉన్నది చూసి వెయ్యమనేవాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూలుకి వెళ్లడం వెనక ఉన్నదీ ఆయనే. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. ఆయన పేరిట ఉన్న గ్యాలరీ ఇప్పటికీ ఊళ్లో ఉంది. మా పిల్ల క్లాసుకి వెళ్లే దారిలో ఆటో ఎక్కితే పదిహేను నిమిషాలు. ఒక్కసారైనా తీసుకెళ్లారా అని అక్కని అడిగాను. "ఆదివారం క్లాసుంటుంది కదరా" అంది. నేనూ ఇంజినీరింగ్ నాలుగేళ్లూ రాజమండ్రి మీదుగా తిరుగుతూ ఒక్కసారీ వెళ్లలేదు, అందుకని ఎక్కువ మాట్లాడలేకపోయాను.

ఎదురుగా చూసే గుడ్లగూబల మీద ఇంత రాశాక ఒక మినహాయింపు కూడా చెప్పాలి. మిన్నెసోటా పోటీకి ఉక్రెయిన్ పిల్లలు ఏళ్లతరబడి చాలా బొమ్మలు పంపారు. 2022లో యుద్ధం మొదలయ్యేనాటికి ఆ బొమ్మలు ఔల్ సెంటర్ దగ్గర వందల్లో ఉన్నాయి. వాటిని వేలం వేసి, వచ్చిన డబ్బు యూనిసెఫ్ ద్వారా ఆ దేశపు పిల్లలకి పంపారు. వాటిలో కొన్ని నేను తెర మీద చూశాను. చాలావరకు మళ్లీ ఎదురు చూపులే. కానీ ఈసారి నాకు విసుగు రాలేదు. బొమ్మ మారలేదు, నేను చూసే పద్ధతే మారింది. మామూలప్పుడు అలవాటుగా అనిపించే ఆ గుండ్రటి కళ్లు, బొమ్మ వేసిన పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియనప్పుడు, పక్షి కళ్లలా అనిపించవు. విమర్శకి ఇది ఇబ్బందే. బొమ్మలో లేనిది వార్త తెచ్చి పెట్టింది. అయినా ఎదురు చూపుకి ఉన్న బలం ఏంటో నాకు అర్థమైంది అక్కడే. చూసేవాణ్ణి అది వదలదు. మరి మా పిల్ల రెండో బొమ్మలో ఆ బలం ఎందుకు లేదంటే, ఆ చూపు ఎవరిదీ కాదు. నలుగురం కలిసి కట్టిన చూపు అది.

తెల్ల రంగు గురించి కూడా ఒక మాట. గోదావరి జిల్లాల్లో పిల్లలు తెల్ల గుడ్లగూబ ఎందుకు వేస్తారు? హ్యారీ పాటర్ దగ్గరుండే హెడ్విగ్ వల్ల. అది మంచు గుడ్లగూబ, ఉత్తర ధ్రువం దగ్గరి పక్షి. 2010లో ట్రాఫిక్ ఇండియా అనే సంస్థ మన దేశంలో గుడ్లగూబల దొంగ వ్యాపారం మీద నివేదిక తెచ్చింది. క్షుద్రపూజలకీ, దీపావళికీ పట్టి అమ్ముతున్నారని అందులో ఉంది. అప్పుడు పర్యావరణ మంత్రిగా ఉన్న జైరాం రమేష్, హ్యారీ పాటర్ చూశాక పట్నాల మధ్యతరగతివాళ్లు పిల్లలకి గుడ్లగూబల్ని కానుకగా కొనిస్తున్నారనే అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మాటలో ఎంత నిజముందో ఎవరైనా లెక్కతీయాలి గానీ, బొమ్మలోని పక్షిని ప్రేమించడం పక్షిని ప్రేమించడం ఒకటి కాదన్న అనుమానం మాత్రం నాకు అప్పటినుంచీ ఉంది.

కోనసీమలో మా ఇంట్లో గుడ్లగూబని ఎవరూ ప్రేమించలేదు. పెంకుటింటి మీద అది అరిస్తే మా మామ్మ లేచి పొయ్యిలో గుప్పెడు ఉప్పు వేసేది. "దాని నోట్లో మన్ను కొట్టా" అని తిట్టేది. అదే సమయంలో తాతయ్య, వరి పొట్ట మీదున్నప్పుడు చేలో అడ్డకర్ర కట్టిన గెడలు పాతించేవాడు, రాత్రిళ్లు గుడ్లగూబలు వాలి ఎలుకల్ని పడతాయని. పగలు ఎలుకలు పట్టేవాళ్లు బుట్టలు పెట్టేవారు, రాత్రి డ్యూటీ వీటిది. ఇంటి మీద వాలితే శని, చేలో వాలితే కూలి అడగని పాలేరు. ఈ రెండూ ఒకే మంచం మీద పడుకునే ఇద్దరి నమ్మకాలు, ఎప్పుడూ దెబ్బలాడుకోలేదు. ఇన్ని వందల బొమ్మలు చూశాను కదా, చేలో గెడ మీద కూర్చున్న గుడ్లగూబ ఒక్కటీ కనబడలేదు. మామ్మ ఉప్పు వేస్తున్న బొమ్మ అంతకంటే లేదు. భయం పోగొట్టే పోటీకి భయం బొమ్మ పంపితే ఏమంటారో గానీ, నేనైతే ముందు అదే చూస్తాను.

రెండో బొమ్మే పంపాం. ప్రైజు రాలేదు, దాని గురించి ఎవరూ బాధపడలేదు కూడా. మొదటిది అక్క పాత పేపర్లతో వేసేయబోతుంటే ఆపి తెచ్చుకున్నాను. కొండాపూర్‌లో నా టేబుల్ మీద ఉంది. స్కెచ్ పెన్ను పసుపు అప్పుడే వెలిసిపోతోంది.

మొన్న సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు పిల్లని అడిగాను, ఆ తీగ మీద పిట్టని మళ్లీ ఒకసారి వేసి పెడతావా అని. మూడు నిమిషాల్లో వేసిచ్చింది. కొమ్మ, చంద్రుడు, ఎదురు కళ్లు, చాలా నీటుగా. "ఇలా కాదమ్మా, ఇదివరకు వేశావే, వీపు కనబడేది" అన్నాను. "అదా మావయ్యా, అప్పుడు నాకు వెయ్యడం రాదుగా" అంది.

సాయంత్రం మేడ మీదికి వెళ్లాం. అది నిజంగానే వచ్చింది, ఆరు దాటాక, అదే తీగ మీదికి, మాకు వీపు పెట్టి. పిల్ల నా ఫోన్ లాక్కుని కెమెరా తెరిచి పట్టుకుంది, కానీ నొక్కలేదు. ఏమ్మా అన్నాను.

"ఉండు మావయ్యా, ఇటు తిరగనీ."